అలారం ప్యానెల్‌కి దూరం నుంచి దారి: సిమ్మా, యాపా, పోర్టా, వీపీఎన్నా? ఏది మేలు?

విశాఖలో దొంగల అలారం పెట్టించుకునే వాళ్లు ఇప్పుడు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఫోన్లోంచి ఆపరేట్ చెయ్యొచ్చు కదా బాబూ?" కురుపాం మార్కెట్లో నగల కొట్టయినా, ఆటోనగర్లో గోడౌనయినా, పిల్లలు అమెరికాలో ఉండి తాళం పడిన ఎంవీపీ కాలనీ ఇల్లయినా ఇదే ప్రశ్న. చెయ్యొచ్చు. అయితే సెన్సార్లూ సైరనూ వచ్చి కలిసే పెట్టెకి, అంటే ప్యానెల్‌కి, ఏ దారిలో చేరుతున్నాం, ఆ దారి తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి తేల్చుకోకుండా ఒప్పుకోకూడదు. ఈ పనిలో ఉన్నవాడిగా నాకు బాధ కలిగించేది ఇదే. సెన్సార్లు ఎన్ని, సైరన్ ఎక్కడ అని గంటసేపు మాట్లాడతారు. ఫోన్ సంగతి మాత్రం టెక్నీషియన్ వెళ్లిపోయే ముందు ఐదు నిమిషాల్లో ముగిసిపోతుంది.

దారులు పోల్చే ముందు, దూరం నుంచి చేసే పనులు మూడు రకాలని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, కబురు అందడం: మూడో జోన్ (ఒక తలుపుకో గదికో పెట్టిన సెన్సార్ వరస) తెరుచుకుంది, కరెంటు పోయింది, బ్యాటరీ తగ్గింది అని. రెండు, ఆర్మ్, డిసార్మ్ చేయడం, అంటే అలారంని కాపలాకి పెట్టడం, కాపలా ఆపడం. మూడు, ప్రోగ్రామింగ్: యూజర్ కోడ్లు చేర్చడం, తీయడం, ఎంట్రీ డిలే (లోపలికి వచ్చాక కోడ్ కొట్టడానికి ఇచ్చే గడువు) పెంచడం, జోన్ రకం మార్చడం. మొదటిది పరాయివాడి చేతికి చిక్కితే మీ రాకపోకలు తెలిసిపోతాయి. రెండోది చిక్కితే షట్టర్ ఎత్తినా సైరన్ మోగదు. మూడోది చిక్కడం అన్నింటికంటే ప్రమాదం. కీప్యాడ్ మీద ఆర్మ్ అయినట్టే కనిపిస్తుంది, వెనక గుమ్మం జోన్ మాత్రం ప్యానెల్ లెక్కలోనే ఉండదు. అందుకే నా కొలత ఇది: కబురుకి ఎన్ని దారులుంటే అంత మంచిది, డిసార్మ్‌కి వీలైనంత తక్కువ, ప్రోగ్రామింగ్‌కి మామూలు రోజుల్లో ఒక్కటి కూడా వద్దు.

పాత ల్యాండ్‌లైన్ డయలర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏం జరిగిందో ఫోన్ టోన్లతో, కాంటాక్ట్ ఐడీ అనే అంకెల కోడ్లుగా పంపే ప్యానెళ్లు ఒకప్పుడు బ్యాంకుల్లో బాగా నడిచాయి. రాగి తీగ పోయి ఫైబర్ బాక్స్ వచ్చాక ఆ టోన్లు సరిగ్గా అందుతాయన్న భరోసా లేదు, పైగా ఆ బాక్స్‌కి కరెంటు కావాలి. కానీ ఆ కాలంలో ఒక మంచి పద్ధతి ఉండేది. కంపెనీ నుంచి ప్రోగ్రామింగ్ కోసం ఫోన్ చేస్తే ప్యానెల్ ఆ కాల్ కట్ చేసి, తనలో ముందే రాసిపెట్టిన నంబరుకి తానే తిరిగి డయల్ చేసేది. బయటివాడు తలుపు తట్టడం కాదు, లోపలివాడే పిలవడం. కింద చెప్పే దారులన్నీ ఈ కొలతతోనే చూస్తాను.

సిమ్ వేసే జీఎస్‌ఎం ప్యానెల్ మన ఊళ్లో ఎక్కువగా అమ్ముడుపోయేది. ఖర్చు తక్కువ, బ్రాడ్‌బ్యాండ్ అక్కర్లేదు. పెందుర్తి దాటాక కడుతున్న సైటులో కూడా సిగ్నల్ ఉంటే చాలు. దొంగ పడితే ఫోన్ మోగుతుంది, ఎస్సెమ్మెస్ వస్తుంది. చిన్న కొట్టుకి ఇది చాలనిపిస్తుంది, చాలాసార్లు నిజంగానే చాలు. ఇబ్బందులు మాత్రం ముందే తెలిసి ఉండాలి.

మొదటిది, మోడెమ్. తక్కువ ధర ప్యానెళ్లలో ఇంకా 2జీ మోడెమే వస్తోంది. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి అందులో జియో సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లతో ఇవాళ నడిచినా, ఇంకో ఏడెనిమిదేళ్లు వాడాల్సిన సరుకుకి 4జీ మోడెమ్ ఉందా అని అడిగి కొనడమే తెలివి. రెండోది, రీఛార్జ్. ప్యానెల్‌లోని సిమ్‌ని ఎవరూ చూడరు. ప్లాన్ గడువు అయిపోయిన సంగతి ప్యానెల్‌కి తెలియదు, మీకూ తెలియదు. అవసరమైన రాత్రి మెసేజ్ పంపబోతే వెళ్లదు. ఏడాది ప్లాన్ వేసి గడువు తేదీని ప్యానెల్ మూత లోపల రాసి అంటించండి. మెషీన్లకని ప్రత్యేకంగా ఇచ్చే 13 అంకెల ఎం2ఎం సిమ్‌లు ఉన్నాయి, సైట్లు ఎక్కువున్న కంపెనీలకి అవి నయం. మూడోది, మౌనం. ఇలాంటి ప్యానెల్ చచ్చిపోతే చచ్చిపోయానని చెప్పదు. రోజుకొకసారి టెస్ట్ మెసేజ్ పంపే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది, దాన్ని ఆన్ చేయించుకోండి. ఆ మెసేజ్ ఒకరోజు రాలేదంటే వెళ్లి చూడాల్సిందే.

ఇక భద్రత. ఎస్సెమ్మెస్‌తో డిసార్మ్ చేసే ప్యానెళ్లలో పాస్‌వర్డు సాధారణంగా నాలుగంకెలు. ఫ్యాక్టరీలో పెట్టిందే ఉండిపోతే, మాన్యువల్ ఇంటర్నెట్లో దొరుకుతుంది కాబట్టి అది ఎవరికైనా తెలిసినట్టే. కొన్ని మోడళ్లు పంపినవాడి నంబరు కూడా చూడవు, పాస్‌వర్డు సరిపోతే ఒప్పేసుకుంటాయి. నంబరు చూసేవి కొంత మేలు, అయితే పంపినవాడి నంబరుని నకిలీ చేయడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి సిమ్ ప్యానెల్ పెడితే నా మాట ఒక్కటే: కబురు రానివ్వండి, ఎస్సెమ్మెస్ డిసార్మ్ ఆపేయండి. కొట్టు తెరిచే మనిషి కీప్యాడ్ దగ్గరికి వస్తాడు కదా.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లకి ఇంకో చిక్కు. ప్యానెల్ అక్కడి నంబరుకి మెసేజ్ పంపాలంటే ఆ సిమ్‌లో ఐఎస్‌డీ ఉండాలి, బ్యాలెన్స్ ఉండాలి. అలాంటి ఇళ్లకి యాపే సుఖం.

యాప్ దగ్గరికి వచ్చేముందు, రౌటర్లో పోర్టు తెరిచే పద్ధతి. ప్యానెల్‌కి ఐపీ మాడ్యూల్ (ఇంటర్నెట్‌కి కలిపే కార్డు) పెట్టి, రౌటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ చేసి, అంటే ఇంటర్నెట్ వైపు ఒక తలుపు తెరిచి, బయటి నుంచి నేరుగా చేరుకోవడం. సీసీ కెమెరాల రికార్డర్‌కి (డీవీఆర్) ఇలా చేసి అలవాటైన టెక్నీషియన్లు ప్యానెల్‌కీ ఇదే చేస్తారు. దీని మీద నాది మధ్యస్థమైన అభిప్రాయం కాదు: వద్దు. తెరిచి ఉన్న పోర్టులను ప్రపంచమంతా జల్లెడ పట్టే యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (పరాయివాడు చేజిక్కించుకున్న పరికరాల దండు) లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను పట్టింది గొప్ప తెలివితో కాదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డుల చిట్టాతో. పాత ఐపీ మాడ్యూళ్లు కొన్ని కోడ్‌ని ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపుతాయి. నాలుగంకెల కోడ్‌కి ఉన్నవి 10,000 అవకాశాలే. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత ప్యానెల్ తలుపు మూసుకోకపోతే మెషీన్‌కి అదో లెక్క కాదు. పైగా ఇప్పుడు మొబైల్ డేటాలోనూ, చాలా ఫైబర్ కనెక్షన్లలోనూ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎంతోమంది పంచుకుంటారు. అక్కడ పోర్టు తెరిచినా పనిచేయదు, నెలనెలా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని అడ్రస్) తీసుకోవాలి. ప్రమాదాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవడం ఎందుకు?

కంపెనీ క్లౌడ్ యాప్ ఇప్పుడు ఎక్కువ మందికి సరిపోయే దారి. ఇందులో ప్యానెలే లోపలి నుంచి కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, మీ ఫోనూ అదే సర్వర్‌కి వెళ్తుంది. రౌటర్లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు, అడ్రస్ పంచుకునే కనెక్షన్లోనూ నడుస్తుంది. పాత కాల్‌బ్యాక్ పద్ధతిలోని మంచితనం ఇందులో ఉంది. ఇంకో పెద్ద లాభం: సర్వర్ ప్యానెల్‌ని పలకరిస్తూ ఉంటుంది. జవాబు రాకపోతే యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, సిమ్ ప్యానెల్ మౌనానికి ఇది విరుగుడు. కొనేటప్పుడు ఆఫ్‌లైన్ అయితే నోటిఫికేషన్ వస్తుందా, ఎంతసేపటికి వస్తుంది అని అడగండి. మోడల్‌ని బట్టి నిమిషాలూ పట్టొచ్చు, గంటలూ పట్టొచ్చు.

లోపం ఎక్కడుందంటే, అకౌంట్లో. చాలా సైట్లలో టెక్నీషియన్ తొందరలో తన మెయిల్ ఐడీతో ప్యానెల్‌ని రిజిస్టర్ చేసి, ఓనర్‌కి షేర్ చేసి వెళ్లిపోతాడు. అప్పుడు అసలు యజమాని అతనే, మీరు చుట్టం. అతను కంపెనీ మారినా, ఫోన్ పారేసుకున్నా, మీ కొట్టు అతని యాప్‌లోనే ఉంటుంది. తీసేయడానికి మీకు హక్కు ఉండదు. కాబట్టి మొదటి రిజిస్ట్రేషన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీ కళ్లముందు జరగాలి. రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేయాలి. మేనేజర్‌కి కావాలంటే ఆయన పేరుతో వేరే యూజర్ ఇవ్వండి, పాస్‌వర్డు వాట్సాప్‌లో పంచుకోకండి. మానేసిన రోజే ఆ యూజర్‌ని తీసేయవచ్చు.

వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదే తాళం వేసిన సొంత సొరంగం లాంటి దారి, పరవాడ ఫార్మా యూనిట్లలాంటి చోట్లకి. కంప్యూటర్లు చూసే మనిషి జీతం మీద ఉన్నచోట వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ప్యానెళ్లను విడి నెట్‌వర్క్‌లో ఉంచి, అందులోంచే ప్రోగ్రామింగ్ చేయడం అన్నింటికంటే గట్టి ఏర్పాటు. ఇంటికీ కొట్టుకీ మాత్రం దీన్ని సిఫారసు చేయను. చూసేవాళ్లు లేని వీపీఎన్ ఏడాది తిరిగేసరికి అప్‌డేట్లు లేక పాతబడుతుంది.

యాప్ బలం చెప్పాను కాబట్టి దాని పెద్ద బలహీనత కూడా చెప్పాలి: కరెంటు. ప్యానెల్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉంటుంది. కీప్యాడ్, నాలుగైదు మోషన్ సెన్సార్లు, కబురు పంపే కమ్యూనికేటర్ కలిపి 300 మిల్లీ ఆంపియర్లు లాగుతాయనుకుంటే లెక్కకి 23 గంటలు. కొత్త బ్యాటరీకే ఆ లెక్క, రెండు మూడు వేసవులు చూసిన బ్యాటరీకి అందులో సగం అనుకోండి. రౌటర్‌కి ఆ అండ లేదు. మీటర్ దగ్గర ఫ్యూజు పీకితే ప్యానెల్ బతికే ఉంటుంది కానీ యాప్ దారి ఆ క్షణమే తెగిపోతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టినా కొన్ని గంటలే. అందుకే బ్రాడ్‌బ్యాండ్, సిమ్ రెండూ ఉన్న ప్యానెల్‌కి కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదంటాను. ఒకటి తెగితే రెండోది అందుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు ఏ దారీ ఉండదు, గోడమీది సైరన్, మంచి బ్యాటరీ, పొరుగువాళ్లే దిక్కు. ఫోన్లో వస్తుంది కదా అని బయటి సైరన్ తగ్గించుకోవద్దని చెప్పేది అందుకే.

సముద్రపు గాలి సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. బీచ్ రోడ్డు వైపు, రుషికొండ వైపు షట్టర్ సెన్సార్ల జాయింట్లు ఉప్పుగాలికి చిలుము పట్టి, రాత్రిపూట ఊరికే జోన్ తెరుచుకున్నట్టు చూపిస్తాయి. రెండు రాత్రులు నిద్ర పాడయ్యాక ఓనర్ యాప్ తీసి ఆ జోన్‌ని బైపాస్ చేసేస్తాడు, అంటే ప్యానెల్ దాన్ని పట్టించుకోకుండా చేస్తాడు. కొన్ని ప్యానెళ్లలో అది మళ్లీ ఆర్మ్ చేసేసరికి తొలగిపోతుంది, కొన్నింటిలో అలాగే ఉండిపోతుంది. మీది ఏ రకమో కనుక్కోండి. దూరం నుంచి బైపాస్ చేసే హక్కు ఇంట్లో ఒక్కరికే ఉంచి, జాయింట్లు సోల్డర్ చేసి, జెల్ ఉన్న కనెక్టర్లు వాడించండి.

ఇక మూడో పని, ప్రోగ్రామింగ్. టెక్నీషియన్ వాడే ఇన్‌స్టాలర్ కోడ్ ఓనర్ వాడే మాస్టర్ కోడ్ కంటే లోతుగా వెళ్తుంది. ఒకే టెక్నీషియన్ తన సైట్లన్నింటికీ ఒకే ఇన్‌స్టాలర్ కోడ్ వాడటం మామూలే, గుర్తుంచుకోవడం సులువని. అది ఒక్కచోట బయటపడితే ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా అతను పెట్టినవన్నీ తెరుచుకున్నట్టే. మీ సైట్‌కి వేరే కోడ్ పెట్టించి, కాగితం మీద రాయించి, కవర్లో మూసి మీ దగ్గరే ఉంచుకోండి. ఇన్‌స్టాలర్ లాక్ వేశాడేమో కూడా అడగండి. అది వేస్తే ప్యానెల్‌ని రీసెట్ చేసినా ఫ్యాక్టరీ కోడ్ రాదు, రేపు ఇంకొకరిని పిలవాలంటే మీ చేతులు కట్టేసినట్టు ఉంటుంది. దూరం నుంచి సర్వీస్ కావాల్సి వస్తే, ఓనర్ యాప్‌లోనో కీప్యాడ్‌లోనో అనుమతిస్తేనే, అదీ కొన్ని గంటలకే తెరుచుకునే సెట్టింగ్ మంచి ప్యానెళ్లలో ఉంది. అదే పెట్టించండి. ప్రోగ్రామింగ్‌లోకి ఎవరు ఎప్పుడు వెళ్లారో చాలా ప్యానెళ్ల ఈవెంట్ లాగ్‌లో పడుతుంది, నెలకోసారి చూడండి.

నన్ను ఎంచమంటే ఇలా ఎంచుతాను. అద్దె గదిలో చిన్న కొట్టుకి, కడుతున్న సైటుకి: 4జీ సిమ్ ప్యానెల్, రోజూ టెస్ట్ మెసేజ్, ఎస్సెమ్మెస్ డిసార్మ్ ఆఫ్. తాళం పడిన ఇంటికి, నగల కొట్టుకి, గోడౌన్‌కి: ఓనర్ పేరున క్లౌడ్ యాప్, తోడుగా సిమ్. ఫ్యాక్టరీకి: రెండు దారుల్లో కబురు, ప్రోగ్రామింగ్ వీపీఎన్‌లోంచే. పోర్టు తెరిచే పద్ధతి ఎవరికీ వద్దు, ఇప్పటికే తెరిచి ఉంటే ఇవాళే మూయించండి.

చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు టెక్నీషియన్‌ని పక్కన నిలబెట్టుకుని ప్యానెల్ ఆర్మ్ చేయండి. మెయిన్ స్విచ్ ఆపండి, రౌటర్ వైరు పీకండి, షట్టర్ ఎత్తండి. సైరన్ మోగాలి, సిమ్ దారిలో కబురు మీ ఫోన్‌కి రావాలి. తర్వాత మెయిన్ స్విచ్ వేసి, రౌటర్ పెట్టి, సిమ్ తీసి, ఇంకోసారి.