పిన్‌బాల్ ప్లేఫీల్డ్‌కి వ్యాక్సా, ప్లాస్టిక్ షీటా?

తిరుపతి లాంటి ఊళ్లో పిన్‌బాల్ మెషిన్ పెట్టుకుంటే, ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బొమ్మల చెక్క పలక) రంగు లేచిపోయాక బాగుచేసేవాళ్లు పక్క వీధిలో దొరకరు, అందుకే ముందే జాగ్రత్తపడాలి. దాదాపు 80 గ్రాముల ఉక్కు బంతి, దాని కింద దుమ్ము. ఈ రెండూ కలిసే చెక్క మీది బొమ్మను గరుకు కాగితంలా అరగదీస్తాయి.

నా ఓటు ఎక్కువగా కార్నౌబా వ్యాక్స్‌కే (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం). ముందు దుమ్మంతా తుడిచి, పలచగా రాసి, ఆరాక మెత్తటి బట్టతో మెరుగు పెడితే బంతి జారుడు పెరుగుతుంది, ఆట కూడా వేగంగా, హాయిగా ఉంటుంది. కొనేటప్పుడు ఒక్కటి చూడండి, అది అరగదీసే పాలిష్ కాకూడదు. అయితే పైనుంచి బంతి పడి చెక్క సొట్టపోవడాన్ని వ్యాక్స్ ఆపలేదు.

పారదర్శక ప్లాస్టిక్ షీటు ఆ దెబ్బను చాలావరకు తనమీద వేసుకుంటుంది. కానీ దాన్ని పరచాలంటే పోస్టులు (పలక మీద నిలబెట్టిన చిన్న స్తంభాలు), రబ్బరు రింగులు, పైనున్న ప్లాస్టిక్ ముక్కలు చాలావరకు విప్పాలి, ఒక్క ఇసుక రేణువు కింద ఉండిపోయినా మళ్లీ మొదటికే. బంతి చప్పుడు, నడక కూడా కాస్త మారతాయి, నాకది నచ్చదు.

క్లియర్‌కోట్ (బొమ్మ మీది పారదర్శక పూత) బాగున్న మెషిన్‌కి వ్యాక్స్ చాలు. బంతి పడే గుంతల అంచుల్లో చెక్క బయటపడిన పాతదైతే మాత్రం షీటే వేయండి. పాత మెషిన్‌కి అంటించిన మైలార్ (పలచటి పారదర్శక ప్లాస్టిక్ పొర) ఉంటే తొందరపడి పీకకండి, రంగు దానితోపాటే ఊడి రావచ్చు. ఏది వాడినా బంతిని గోటితో తడిమి చూడండి, గరుకు తగిలితే ఆరోజే మార్చేయండి.