లేజీ బైండింగా, ముందే బైండింగా? కాటా దగ్గర నడిచే ప్రోగ్రామ్‌కి ఏది మేలు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చాను. సీజన్‌లో ఓ రోజు పొద్దున ఎప్పటిలాగే తెరుచుకుంది. టిక్కీలు తూచారు, చీటీలు పడ్డాయి. సాయంత్రం రోజు మొత్తం లెక్క తీయబోతే ‘సింబల్ లుకప్ ఎర్రర్’ అని 127 కోడ్‌తో ఆగిపోయింది. డబ్బు కోసం రైతులు కూర్చుని ఉన్నారు. ముందు రాత్రి నేను ప్రింటింగ్ లైబ్రరీ మార్చాను. కొత్తదాంట్లో ఒక ఫంక్షన్ లేదు.

మరి పొద్దున్నే ఎందుకు తెలియలేదు? ప్రోగ్రామ్ పిలిచే ఫంక్షన్ పేరుకి లైబ్రరీలో ఉన్న దాని అడ్రస్ వెతికి కలపడమే బైండింగ్. పిలిచినప్పుడు కలిపితే లేజీ, మొదట్లోనే అన్నీ కలిపితే ముందే బైండింగ్. లినక్స్‌లో మామూలుగా షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే, విడి ఫైల్‌గా ఉండే కోడ్) ఫంక్షన్‌ని పిలిస్తే పిలుపు నేరుగా పోదు. ముందు పీఎల్‌టీ అనే చిన్న కోడ్ ముక్కకి, అక్కడి నుంచి జీవోటీ అనే అడ్రస్‌ల పట్టికలోని ఒక గడిలో రాసున్న అడ్రస్‌కి పోతుంది. 64 బిట్ మెషీన్‌లో గడి 8 బైట్లు. లేజీ పద్ధతిలో మొదట ఆ గడిలో ఉండేది అసలు అడ్రస్ కాదు, మళ్లీ పీఎల్‌టీకే తిప్పి పంపే అడ్రస్. అక్కడి నుంచి పని డైనమిక్ లింకర్ (ప్రోగ్రామ్‌ని నడిచేటప్పుడు లైబ్రరీలతో కలిపేది) చేతికి వెళ్తుంది. అది పేరు పట్టుకుని లైబ్రరీలు వరసగా వెతికి, దొరికిన అడ్రస్‌ని గడిలో రాసేస్తుంది. రెండోసారి వెతుకులాట ఉండదు. పిలవని ఫంక్షన్ జోలికి మాత్రం అసలు పోదు. మా రోజు లెక్కకి కావాల్సిన ఆ లైబ్రరీ ఫంక్షన్‌ని సాయంత్రం దాకా ఎవరూ పిలవలేదు. (వేరియబుల్స్ అలా కాదు, వాటిని మొదట్లోనే తేలుస్తుంది.)

ప్రోగ్రామ్‌ని లింక్ చేసేటప్పుడు ‘జెడ్ నౌ’ (-z now) అనే ఆప్షన్ ఇస్తే, ప్రోగ్రామ్ అసలు పని మొదలుపెట్టే మెయిన్ ఫంక్షన్ కంటే ముందే గడులన్నీ నిండుతాయి. ఒక్క పేరు దొరక్కపోయినా ప్రోగ్రామ్ తెరుచుకోదు. దానికి రెల్‌రో (గడుల్ని చదవడానికి మాత్రమే ఉంచే రక్షణ) కూడా తోడైతే, నిండిన గడుల మీద మళ్లీ రాయడం కుదరదు. బఫర్ (డేటా పెట్టుకునే చోటు) దాటి రాసి పిలుపుని తన కోడ్‌కి మళ్లించాలనుకునేవాడికి ఆ దారి మూసుకుంటుంది. లేజీలో గడులు తెరిచే ఉండాలి కాబట్టి ఈ రక్షణ వాటికి అందదు. నాకు ఇదొక్కటే చాలు.

ముందే బైండింగ్‌కి ఖర్చల్లా ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు పట్టే సమయమే. స్క్రిప్టులో వందలసార్లు పిలిచే చిన్న కమాండ్ పెద్ద పెద్ద లైబ్రరీల మీద ఆధారపడితే లేజీయే నయం.

పొద్దున తెరిచి రాత్రి మూసే ప్రోగ్రామ్‌కి ఆ కాస్త ఆలస్యం ఒక లెక్క కాదు. 7 గంటలకే మొరాయిస్తే పాత లైబ్రరీ వెనక్కి పెట్టుకునే వ్యవధి ఉంటుంది. బిల్డ్ మార్చే వీలు లేకపోతే ‘ఎల్‌డీ బైండ్ నౌ’ (LD_BIND_NOW) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి నడపొచ్చు. తప్పు ముందే తెలుస్తుంది, గడులకి తాళం మాత్రం పడదు.

నేను ఇప్పుడు జెడ్ నౌతోనే బిల్డ్ చేస్తున్నాను. లైబ్రరీ మార్చిన రాత్రే విజయవాడ నుంచి ఆ మెషీన్‌లోకి లాగినై, ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు చూపే ఎల్‌డీడీ (ldd) కమాండ్‌ని ఆర్ (-r) ఆప్షన్‌తో నడుపుతాను. దొరకని ఫంక్షన్ల పేర్లన్నీ అప్పుడే బయటపడతాయి.