ఎరువుల కొట్టు 13-0-45, 0-52-34తో మొక్కల అక్వేరియం: మూడేళ్ల వాడకం తర్వాత

డ్రిప్ రైతులకు అమ్మే ఈ రెండు ఎరువుల ప్యాకెట్లు (పేరులోని అంకెలు వరుసగా నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ శాతాలు) మొక్కల ట్యాంకుకు సరిపోతాయా అంటే, నిక్షేపంగా సరిపోతాయి. ఐరన్ విషయంలో మాత్రం అదే కొట్లో దొరికే సరుకుతో సగం పనే అయింది. అన్నిటికంటే చవకగా కనిపించే 19-19-19 జోలికి అసలు పోవద్దు. అందులో నత్రజని ఎక్కువగా యూరియా, అమ్మోనియా రూపాల్లో ఉంటుంది. పైరుకు మంచిదే, చేపలకు విషం.

వాడిన ట్యాంకు 90×35 సెం.మీ., నీటి ఎత్తు 38 సెం.మీ. లెక్కకు 120 లీటర్లు వస్తాయి గానీ మట్టి, రాళ్లు, మొద్దు పోను మిగిలేవి 100 లీటర్లే. మోతాదు కట్టాల్సింది ఈ వందకే. సిలిండర్ నుంచి సీఓటూ (మొక్కల కోసం నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్), రోజుకు 7 గంటల వెలుతురు, హైదరాబాద్ బోరు నీళ్లు.

13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 100 లీటర్లలో 1 గ్రాము వేస్తే నైట్రేట్ సుమారు 5.7 పీపీఎం (అంటే లీటరుకు 5.7 మిల్లీగ్రాములు), పొటాషియం 3.7 పీపీఎం పెరుగుతాయి. 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) అయితే గ్రాముకు ఫాస్ఫేట్ దాదాపు 7 పీపీఎం. అంత ఘాటైనదాన్ని చెంచా కొలతతో వేయకూడదు. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు కొనక తప్పదు. ఒక సీసాలో 60 గ్రాముల 13-0-45, ఇంకో సీసాలో 10 గ్రాముల 0-52-34 వేసి, రెండింటినీ ఆర్ఓ నీళ్లతో 500 మి.లీ.కి నింపాలి. మొదటిది కరిగేటప్పుడు సీసా చల్లబడుతుంది, కంగారు పడక్కర్లేదు. అడుగున మడ్డి దిగితే పైతేట వంపుకోవాలి.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో సీసా నుంచి 10 మి.లీ. వేస్తే, వేసిన ప్రతిసారీ నైట్రేట్ 6.9, ఫాస్ఫేట్ 1.4 పీపీఎం చేరుతాయి. ఆదివారం సగం నీళ్లు మార్చాలి. అక్వేరియం మొక్కల నిపుణుడు టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతి ఇదే. రోజూ టెస్టులు చేయకుండానే ఇది ఎందుకు నడుస్తుందంటే, మొక్కలు ఏమీ తీసుకోకపోయినా వారం వారం సగం నీళ్లు పోతుంటాయి కాబట్టి పేరుకునేది వారం మోతాదుకు రెట్టింపు దాటదు. ఇక్కడ నైట్రేట్ విషయంలో అది 41 పీపీఎం. బోరు నీళ్లలో ముందే ఉన్న నైట్రేట్ దీనికి అదనం, అందుకే మొదలుపెట్టే ముందు ఆ నీళ్లను ఒకసారి టెస్ట్ చేసి తీరాలి. 20 పీపీఎం దాటితే 13-0-45 మోతాదు సగం చేసి, తగ్గిన పొటాషియాన్ని 0-0-50 (పొటాషియం సల్ఫేట్)తో పూడ్చుకోవచ్చు. సీఓటూ లేని ట్యాంకుకు పై మోతాదులో మూడో వంతు చాలు.

ఇక ఐరన్. ఐరన్‌ను నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనాన్ని బట్టి రకాలుంటాయి. కొట్లో తేలిగ్గా దొరికేది ఈడీటీఏ రకం. పీహెచ్ 6.5 దాటితే అది ఐరన్‌ను గట్టిగా పట్టి ఉంచలేదు. బోరు నీళ్లలో పగలు సీఓటూ నడుస్తున్నంతసేపు పీహెచ్ 7 దగ్గర ఉన్నా, రాత్రికి పెరిగిపోతుంది. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయంటే ఇదే గొడవ. డీటీపీఏ రకం (11 శాతం) 5 గ్రాములు 500 మి.లీ.లో కలిపి, మంగళ, గురు, శనివారాల్లో 10 మి.లీ. చొప్పున వేయడంతో కొత్త ఆకులు కోలుకున్నాయి. ఐరన్‌ను ఫాస్ఫేట్‌తో ఒకే సీసాలో కలిపితే రెండూ ముద్దకట్టి వృథా అవుతాయి. ఈ సీసాకు బూజు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. మిగతా సూక్ష్మపోషకాల మిశ్రమం కొనేటప్పుడు, ట్యాంకులో రొయ్యలు ఉంటే కాపర్ శాతం చూసుకోండి, అది వాటికి విషం.

ఎరువు వేస్తే పాచి పడుతుందన్న భయం చాలామందికి ఉంది. ఇక్కడ కనిపించింది దాదాపు తిరగబడిన కథ. అద్దం మీదా, అనుబియాస్ అనే మొక్క ఆకుల మీదా గట్టి పచ్చ చుక్కలు ఫాస్ఫేట్ కోసినప్పుడల్లా వచ్చాయి. రెండు వారాలు ఫాస్ఫేట్ రెట్టింపు వేస్తే కొత్తవి ఆగాయి, పాతవి బ్లేడుతో గీకాల్సిందే. పచ్చనీలం పొరలా పరుచుకుని మట్టికంపు కొట్టేది నిజానికి పాచి కాదు, బ్యాక్టీరియా. నైట్రేట్ సున్నాకు పడిన చోట, నీరు కదలని మూలల్లో పుడుతుంది. కొత్త ట్యాంకులో పట్టే గోధుమరంగు పొరను పట్టించుకోకండి, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

ఈ ప్యాకెట్లు ఏమీ చేయలేనిది నల్లకుచ్చుల పాచి. మోతాదు పెంచినా తగ్గించినా దానికి లెక్కలేదు. సీఓటూ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడం, ఫిల్టర్‌లో మురికి పేరుకోవడం దాని మూలాలు. లైటుకు రెండు గంటల ముందే సీఓటూ తెరిచి, లైటు వెలిగేసరికి డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి) ఆకుపచ్చకు వచ్చేలా చూడాలి. ఉన్న కుచ్చులకు ఫిల్టర్ ఆపి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సిరంజితో నేరుగా వాటిమీద మెల్లగా వదలాలి. 100 లీటర్లకు 20 మి.లీ. మించొద్దు. పావుగంట తర్వాత ఫిల్టర్ వేస్తే, రెండు మూడు రోజుల్లో కుచ్చులు గులాబీ రంగుకు తిరిగి చస్తాయి. నాచుమొక్కల మీద మాత్రం పడనివ్వకండి.

ఖర్చు సంగతికొస్తే, వారానికి 13-0-45 పట్టేది 3.6 గ్రాములు. కిలో ప్యాకెట్ ఐదేళ్లు దాటి వస్తుంది. 0-52-34 కిలో అయితే ముప్పై ఏళ్లు, నలుగురు కలిసి పంచుకోవడమే నయం. వానాకాలం గడ్డకడుతుంది కాబట్టి బిగుతు మూత డబ్బాలో పోయాలి. 13-0-45 మంటను ఎగదోసే పదార్థం, డబ్బాను పొయ్యికీ అగ్గిపెట్టెకీ దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టండి.