కొత్త మేయర్ ముందు ఏ పని పట్టుకోవాలి: పెద్ద ప్రాజెక్టా, రోజువారీ సేవలా?

మేయర్‌గా గెలిచిన మనిషి చేతిలో ప్రమాణ స్వీకారం నాటికే పొడవాటి జాబితా ఉంటుంది. ప్రచారంలో వీధికో మాట ఇచ్చి ఉంటారు కాబట్టి అందులో ఫ్లైఓవర్ నుంచి వీధి దీపం దాకా అన్నీ ఉంటాయి. పదవీకాలం మాత్రం చాలా చోట్ల నాలుగైదేళ్లే. మొదటి ఏడాది దేని మీద పెట్టారన్నదాన్ని బట్టే మిగతా కాలం నడుస్తుంది. ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి. నగరం రూపు మార్చే ఒక పెద్ద పని ఎత్తుకోవడం, నీళ్లు, చెత్త, మురుగు, రోడ్ల గుంతల లాంటి రోజువారీ సేవలను గాడిలో పెట్టడం, లేదా ఏ పని ముందో జనాన్నే తేల్చమనడం.

నా మొగ్గు రెండోదానికే. అయినా మొదటిదానికి ఉన్న బలం చిన్నది కాదు, అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2002 మేయర్ ఎన్నికల్లో లీ మ్యుంగ్‌బాక్ ఒక పెద్ద మాట ఇచ్చారు. నగరం నడిబొడ్డున స్తంభాల మీద పోయే ఎక్స్‌ప్రెస్ రోడ్డును పడగొట్టి, దాని కింద కాంక్రీటు కప్పేసిన చోంగ్యేచోన్ వాగును మళ్లీ బయటికి తెస్తానన్నారు. 2003 జూలైలో పని మొదలైంది. 2005 అక్టోబర్‌కల్లా దాదాపు 5.8 కిలోమీటర్ల వాగు, గట్టు వెంట నడకదారి జనానికి అందాయి. లండన్‌లో 2000లో గెలిచిన కెన్ లివింగ్‌స్టన్ కూడా అంతే. నగర కేంద్రంలోకి వచ్చే కార్ల మీద రుసుము వేస్తానని ఎన్నికల ముందే చెప్పి, 2003 ఫిబ్రవరి 17 నుంచి రోజుకు 5 పౌండ్లు వసూలు చేయించారు. 2004లో మళ్లీ గెలిచారు.

ఇద్దరూ చేయబోయేది ముందే చెప్పి ఓటు అడిగారు. అందుకే పని మొదలయ్యాక ఎంత గొడవ జరిగినా వెనక్కి తగ్గాల్సిన అవసరం రాలేదు. ఇంకోటి, పెద్ద పనికి కావాల్సిన ఊపు గెలిచిన కొత్తలోనే ఉంటుంది. రెండేళ్లు ఆగితే టెండర్లు, కోర్టు కేసులు, భూసేకరణ దాటేసరికి మళ్లీ ఎన్నికలు వచ్చేస్తాయి. పెద్ద ప్రాజెక్టు వైపు వాదించేవాళ్లు చెప్పే ఈ మాట నిజం.

కానీ అదే సియోల్ వాగును ఇంకాస్త దగ్గరగా చూడండి. అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపులతో తోడి పోసేదే. ప్రారంభోత్సవంతో ఖర్చు ఆగలేదు, ఏటా కరెంటూ నిర్వహణా ఉంటాయి. ఆ రోడ్డు కింద బతికిన చిన్న వ్యాపారులు చోటు మారాల్సి వచ్చింది. లండన్‌లో రుసుము నిలబడటానికి ఒక కారణం, దానితో పాటే బస్సులు పెంచడం. బస్సు దొరకని ఊళ్లో అదే రుసుము వేసి ఉంటే జనానికి అది శిక్షలాగే అనిపించేది. పెద్ద పని రోజువారీ సేవ భుజం మీదే నిలబడుతుందని నేను నమ్మేది ఇందుకే.

ఇక రెండో దారి. దీనికి నేను ఎక్కువగా తలుచుకునే ఉదాహరణ ఒక మేయర్‌ది కూడా కాదు, కంబోడియా రాజధాని నామ్‌పెన్ నీటి సంస్థది. 1993లో అక్కడ శుద్ధి చేసిన నీళ్లలో దాదాపు 72 శాతం లీకేజీల్లోనో దొంగ కనెక్షన్లలోనో పోయేది. ఎక్ సొన్ చాన్ నాయకత్వంలో పాత పైపులు మార్చారు, ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టారు, పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర కూడా బిల్లు వసూలు చేశారు. పదిహేనేళ్లలో ఆ నష్టం దాదాపు 6 శాతానికి దిగింది, నీళ్లు 24 గంటలూ రావడం మొదలైంది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పైపు భూమిలో ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ ఫొటో దిగరు. కానీ కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడే ఆడవాళ్లకు ఏ ఫ్లైఓవరూ ఇవ్వలేనిది ఆ పని ఇచ్చింది, వాళ్ల పొద్దుటి గంటలు వాళ్లకు తిరిగొచ్చాయి. నగర సేవ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

మేయర్ చేసిన ఉదాహరణే కావాలంటే అమెరికాలోని బాల్టిమోర్ ఉంది. 1999 చివర్లో పదవి చేపట్టిన మార్టిన్ ఓమాలీ 2000లో సిటీస్టాట్ అనే పద్ధతి పెట్టారు. ఒక్కో విభాగం అధిపతి రెండు వారాలకోసారి వచ్చి కూర్చోవాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని రోజులకు తీరాయి, సిబ్బందిలో ఎంతమంది పనికి రావడం లేదు, ఓవర్‌టైమ్‌కి ఎంత పోతోంది, అన్నీ లెక్కలతో తెర మీద కనిపిస్తాయి. రోడ్డు మీద గుంత పడిందని ఫోన్ వస్తే 48 గంటల్లో పూడుస్తామని నగరం మాటిచ్చింది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, అప్పు అక్కర్లేదు, మొదటి నెలలోనే మొదలుపెట్టొచ్చు.

లోపం లేదని కాదు. అంకెల కోసం ఒత్తిడి పెరిగేకొద్దీ పని జరగకుండానే ‘పరిష్కారమైంది’ అని కొట్టేసే అలవాటు వస్తుంది. ఫిర్యాదు చేసిన మనిషి సరేనన్నాకే దాన్ని మూసేయాలన్న నియమం పెడితే చాలావరకు తగ్గుతుంది. మరో ఇబ్బంది కూడా ఉంది, గుంతలు పూడ్చినంత మాత్రాన నగరం మారదు. మురుగంతా నదిలో కలుస్తుంటే చివరికి పెద్ద శుద్ధి కేంద్రం కట్టాల్సిందే.

మూడో దారికి పుట్టిల్లు బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే. 1989 నుంచి అక్కడ జనం ప్రాంతాలవారీగా సమావేశమై, కొత్త పనులకు పెట్టే డబ్బు ముందు దేనికి వెళ్లాలో తేల్చేవారు. పేద వాడల వాళ్లు ముందుగా అడిగినవి నీళ్లు, మురుగు కాలువలు, రోడ్లు. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కానీ 2017లో అదే నగరంలో దాన్ని నిలిపేశారు. అంతకుముందే జనం ఎంచిన పనులు పూర్తికాకుండా పేరుకుపోతూ వచ్చాయి. అడిగి కూడా చేయకపోతే అసలు అడగకపోవడం కన్నా ఎక్కువ కోపం వస్తుంది. పని చేసే యంత్రాంగం లేకుండా మొదటి ఏడాదే దీన్ని నగరమంతా పెట్టడం తొందరపాటు. రెండు మూడు వార్డుల్లో, చేయగలిగినంత చిన్న మొత్తంతో మొదలుపెట్టడం మేలు.

ఈ మూడింటిలో ఏదైనా ఎంచే ముందు మేయర్ చూసుకోవాల్సింది తన చేతిలో అధికారం ఎంత అన్నది. లండన్ మేయర్‌కు రవాణా ఉంది గానీ చెత్త ఎత్తే పని అక్కడి బరోలది, అంటే నగరంలోని ఒక్కో ప్రాంతానికి ఉండే స్థానిక పాలక మండళ్లది. భారతదేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలను పన్నెండో షెడ్యూల్‌లో చేర్చింది, అయినా చాలా రాష్ట్రాల్లో అమలు అధికారం మున్సిపల్ కమిషనర్ దగ్గరే ఉంది. అలాంటి చోట మేయర్ భారీ ప్రాజెక్టు ప్రకటిస్తే దాని మొత్తం పగ్గాలు ఇంకొకరి చేతిలో ఉంటాయి. రోజువారీ సేవల లెక్కలు అడగడం, అందరి ముందూ పెట్టడం మాత్రం కుర్చీ బలం తక్కువున్నా చేయగలరు.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. ఇంటింటికీ నీళ్లు, చెత్త బండి, మురుగు ఇప్పటికే సరిగా నడుస్తున్న నగరమైతే కొత్త మేయర్ పెద్ద పనినే ఎత్తుకోవచ్చు, అదీ ప్రచారంలో చెప్పినదై ఉండాలి. అలా లేని నగరంలో మొదటి ఏడాది లక్ష్యం రోజువారీ సేవలే. పెద్ద పనికి సర్వేలు, డిజైన్లు, నిధుల వెతుకులాట ఆ ఏడాదిలోనే పక్కన జరుగుతూ ఉండాలి, శంకుస్థాపన తేదీ మాత్రం అప్పుడే చెప్పకూడదు. పాత మేయర్ సగంలో వదిలిన ప్రాజెక్టు ఉంటే, వేరే పార్టీదైనా సరే, కొత్తది మొదలుపెట్టే ముందు దాన్ని పూర్తి చేయాలి. మొదటి వారంలోనే కాంట్రాక్టర్లకు, పారిశుద్ధ్య కార్మికులకు ఎంత బకాయి ఉందో ఆ లెక్క బయటపెట్టాలి. చెల్లింపు కార్మికుల జీతాలతోనే మొదలుకావాలి.