కేబుల్ వంతెన కిట్టు: చెక్క మంచిది, దారం మార్చుకోవాలి, పోస్టరు నమ్మకూడదు

హైస్కూలు పిల్లలకి వంతెనల గురించి చెప్పాలనుకునే టీచర్లు ఈ కిట్టు కొనుక్కోవచ్చు. ఇంట్లో ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే తల్లిదండ్రులు కూడా కొనొచ్చు. నాకు 1,450 రూపాయలు పడింది. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే కోనసీమలో లోపలి ఊరికి కూడా వారంలోపే వచ్చేసింది, పెట్టె ఎక్కడా నలగలేదు. కాకపోతే అందులో ఇచ్చింది ఇచ్చినట్టు బిగిస్తే బొమ్మ తయారవుతుంది గానీ కేబుల్ వంతెన, అంటే టవర్ల నుంచి దింపిన తీగలే రోడ్డుని పట్టుకునే వంతెన, ఎలా నిలబడుతుందో పిల్లలకి అర్థం కాదు. కొన్ని మార్పులు చేసుకోవాలి. అవి చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను. తయారీదారు పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు చాలా రకాలు దొరుకుతున్నాయి, ఏది కొన్నా ఈ సంగతులు పనికొస్తాయి.

నేను ఇక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది గోదావరి ఏదో ఒక పాయ దాటి చుట్టాలింటికి వెళ్ళేవాళ్లే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లు, చించినాడ వంతెన మీద బస్సులో వెళ్లినవాళ్లు, యానాం ఎదుర్లంక వంతెన చూసినవాళ్లు ఉన్నారు. పి.గన్నవరంలో వైనతేయ మీదుగా కాలవనే దాటించిన అక్విడెక్టు చూడనివాళ్లు లేరు. ఇన్ని చూసినా, తీగల మీద రోడ్డు నిలబడడం మాత్రం ఫోన్లో తప్ప చూడలేదు. అందుకే ఈ కిట్టు తెప్పించాను.

పెట్టెలో మూడు ముక్కల ప్లైవుడ్ పలక, ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో రెండు టవర్లు, చిన్న కొక్కేలు, నైలాన్ దారం ఉండ, జిగురు, ఒక పుస్తకం, ఒక పోస్టరు ఉన్నాయి. పలక బిగిస్తే 120 సెంటీమీటర్లు వస్తుంది. రెండు టవర్ల మధ్య 60, ఇటు 30, అటు 30. రోడ్డు మీద టవరు ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే మధ్య దూరంలో నాలుగో వంతు. ఈ లెక్క పెట్టినవాళ్లకి విషయం తెలుసు. పెద్ద పెద్ద కేబుల్ వంతెనలు కూడా కాస్త అటూఇటూగా ఇదే కొలతలో ఉంటాయి. చెక్క నునుపుగా ఉంది, రంధ్రాలు తిన్నగా పడ్డాయి. టవరు మీద రంధ్రాలు రెండు రకాలుగా ఇవ్వడం నాకు బాగా నచ్చింది. తీగలన్నీ పైకొస దగ్గర నుంచే విసనకర్రలా దింపుకోవచ్చు, లేదంటే కిందికి వరసగా ఒకదానికొకటి సమాంతరంగా కట్టుకోవచ్చు. రెండూ కట్టించి బరువు పెట్టి చూపించండి. పైనుంచి దిగిన తీగ నిటారుగా ఉంటుంది కాబట్టి రోడ్డుని ఎక్కువగా ఎత్తుతుంది. కింద కట్టిన తీగ వాలుగా పోతుంది, దాని బలంలో ఎక్కువ భాగం రోడ్డుని టవరు వైపు నెట్టడానికే ఖర్చయిపోతుంది. పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. తెలుగు లేదు. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి పిల్లలు నెట్టుకొచ్చారు.

ఇక దారం సంగతి. ఇదే పెద్ద లోపం. నైలాన్ సాగుతుంది. మధ్యలో ఒక కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టగానే రోడ్డు బాగా కిందికి దిగిపోయింది, తీసేసినా పూర్తిగా పైకి రాలేదు. అసలు వంతెనలో తీగ ఉన్నదే సాగకుండా పట్టుకోవడానికి. చైనాలో సుతోంగ్ వంతెనకి 272 తీగలు ఉన్నాయి. అందులో పొడవైనది 577 మీటర్లు. ఒక్కో తీగలో 7 మిల్లీమీటర్ల ఉక్కు తీగలు కొన్ని వందలు కలిపి ఉంటాయి. బరువు పడకముందే వాటిని జాకీలతో లాగి టెన్షన్‌లో పెడతారు. ఆ టెన్షనే రోడ్డుని మోసేది.

నైలాన్ తీసేసి బైండింగ్ వైరు వాడాం. ఇళ్లు కట్టేచోట ఇనప కడ్డీలు ముడేసే వైరే, కిలోల లెక్కన దొరుకుతుంది, పావుకిలో కూడా ఎక్కువే. కొక్కేనికి తగిలించి, కటింగ్ ప్లేయరుతో రెండు కొసలూ పట్టుకుని మెల్లగా మెలి తిప్పాలి. ఒక్కో మెలికకీ వైరు బిగుసుకుంటూ రోడ్డు వెంట్రుకవాసి లేస్తుంది. గోళ్లతో మీటితే మోగుతుంది. ఎక్కువ మెలి తిప్పితే టప్‌మని తెగుతుంది, కళ్లకి దూరంగా పెట్టుకోమని పిల్లలకి ముందే చెప్పాలి. ఇటూ అటూ జతలు జతలుగా బిగించాలి, ఒకవైపే బిగిస్తే టవరు వాలుతుంది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మీటి చూసి చప్పుడు పోల్చుకుంటూ రెండువైపులా సమానంగా బిగించింది. నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది. అసలు వంతెనల మీద కూడా తీగ ఊగే వేగాన్ని కొలిచి అందులో టెన్షన్ ఎంతుందో లెక్క కట్టే పద్ధతి ఉంది. అది చెప్పినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి!

వైరు మార్చాక అదే ఉప్పు ప్యాకెట్టుకి రోడ్డు కదిలీ కదలనట్టుంది. రెండు పెట్టినా నిలబడింది. అయితే మూడోది పెట్టేసరికి చివరి కొసలు రెండూ బల్ల మీద నుంచి లేచాయి. "మేస్టారూ, చివర లేచిపోతోందండీ!" అని ఒకటే గోల. చివర్లు ఎలా పట్టుకోవాలో పుస్తకంలో లేదు. రెండు చివర్లా చెరో ఇటుక పెట్టించాను, సర్దుకుంది. హాంకాంగ్‌లో స్టోన్‌కట్టర్స్ వంతెనకి కూడా ఇదే ఉపాయం. మధ్యలో 1,018 మీటర్ల భాగం ఉక్కుతో తేలిగ్గా కట్టి, పక్క భాగాలు కాంక్రీటుతో బరువుగా పోశారు. ఫ్రాన్సులో నార్మండీ వంతెన కూడా అంతే, మధ్యలో ఉక్కు, పక్కన కాంక్రీటు. మధ్య భాగం టవరుని తన వైపు లాగుతుంటే, పక్క భాగం వెనక్కి పట్టుకోవాలి. వెనక తీగ ఒకటి కత్తిరించి చూపిస్తే టవరు మధ్యలోకి ఒరగడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఈ ఒక్కటి చూడ్డానికైనా కిట్టు డబ్బులు గిట్టినట్టే.

గాలి పరీక్ష కూడా చేయొచ్చు. టేబుల్ ఫ్యాను పక్కన పెట్టి, ప్లైవుడ్ బదులు అట్టముక్క వేస్తే తపతపా కొట్టుకుంటుంది. 1996 నవంబరు తుపాను కథలు ఇక్కడ ప్రతి ఇంట్లో విన్నవాళ్లే కాబట్టి గాలంటే ఏమిటో పిల్లలకి విడిగా చెప్పక్కర్లేదు. తుపాన్లు వచ్చే హాంకాంగ్‌లో స్టోన్‌కట్టర్స్ రోడ్డుని రెండు విడి పెట్టెలుగా చేసి మధ్యలో ఖాళీ వదిలారని చెప్పి, అట్టని నిలువునా రెండుగా కోసి మధ్యలో సందు వదిలి అతికించుకోమన్నాను. కొట్టుకోవడం తగ్గింది.

ఇప్పుడు పోస్టరు. "ప్రపంచంలో అతి పొడవైన కేబుల్ వంతెనలు" అని రంగుల్లో ఒక పట్టిక ఇచ్చారు. చూడ్డానికి బాగుంది, కానీ తప్పు నేర్పుతుంది. ఒక వంతెనకి మొత్తం పొడవు, ఇంకో వంతెనకి స్పాన్ (పక్కపక్కనున్న రెండు స్తంభాల మధ్య దూరం), రెండూ ఒకే గడిలో కలిపేశారు. ఫ్రాన్సులోని మియో వంతెనకి 2,460 మీటర్లు అని వేసి రష్యాలోని రస్కీ కంటే పైన పెట్టారు. మియో అద్భుతమైన కట్టడమే, 2004లో తెరిచారు, ఏడు స్తంభాల మీద లోయ దాటుతుంది. కానీ అందులో ఏ రెండు స్తంభాల మధ్య చూసినా 342 మీటర్లకి మించదు. రస్కీకి మధ్యలో ఏ ఆధారమూ లేకుండా 1,104 మీటర్లు. కేబుల్ వంతెనల్ని పోల్చేటప్పుడు రెండు టవర్ల మధ్య ఎంత దూరం దూకిందన్నదే చూడాలి. మొత్తం పొడవే లెక్కయితే రాజమండ్రిలో మన పాత హేవలాక్ వంతెన రెండున్నర కిలోమీటర్ల పైనే ఉంది. అది 56 స్పాన్లుగా వెళ్తుంది, ఒక్కొక్కటి 45 మీటర్ల పైచిలుకు.

పోస్టరు పక్కన పెట్టి పిల్లల్ని కాలవ గట్టు మీదికి తీసుకెళ్లాను. ఈ కిట్టు కొన్నవాళ్లందరూ ఇది తప్పకుండా చేయాలి. లాకుల దగ్గర మొదలుపెట్టి, టేపుతో కొలుచుకుంటూ, ఒక్కో వంతెన స్పాన్‌కి ఒక వెదురు మేకు దిగ్గొట్టాం. హేవలాక్ స్పాన్ మేకు లాకుల పక్కనే పడింది. రాజమండ్రిలోనే 1997లో వచ్చిన ఆర్చి వంతెన స్పాన్ వంద మీటర్లకి కాస్త తక్కువ. స్వీడన్‌లో 1956లో కట్టిన స్ట్రోమ్‌సుండ్ 183 మీటర్లు, ఈ కాలపు కేబుల్ వంతెనలకి అది తొలి మెట్టు. కలకత్తా విద్యాసాగర్ సేతు 457, 1992లో తెరిచారు. ఓఖా నుంచి బేట్ ద్వారకకి 2024లో తెరిచిన సుదర్శన్ సేతు 500. ఆ మేకు దగ్గర ఒక కుర్రాడు "మా మామ్మ ఇది ఎక్కిందండీ" అన్నాడు. ద్వారక యాత్రకి వెళ్లొచ్చిందట. మొదటిసారి వెళ్లినప్పుడు లాంచీలో, ఈమధ్య బస్సులో. రేవు దాటడానికి పంటు కోసం కాచుకున్నవాళ్లకి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడినుంచి చాలాదూరం ఖాళీ గట్టే. నడిచి నడిచి 856 దగ్గర నార్మండీ (1995), 890 దగ్గర జపాన్‌లోని తతారా (1999). 1,018 స్టోన్‌కట్టర్స్ (2009). 1,088 సుతోంగ్, 2008లో మొదటిసారి వెయ్యి మీటర్లు దాటింది ఇదే. 1,092 చైనాలోనిదే హుతోంగ్ (2020). 1,104 రస్కీ (2012). చివరి మేకు 1,208 దగ్గర చాంగ్‌తాయ్, చైనాలో యాంగ్‌ట్సీ నది మీద 2025 సెప్టెంబరులో తెరిచారు. పోస్టరులో ఇది లేనే లేదు. అందులో స్పాన్ వేసిన వంతెనల్లో ఇంకా రస్కీయే రాజు.

మేకుల మధ్య దూరం చూస్తే అసలు కథ తెలుస్తుంది. తతారా నుంచి సుతోంగ్‌కి తొమ్మిదేళ్లలో దాదాపు రెండువందల మీటర్ల గంతు. సుతోంగ్ నుంచి రస్కీకి పదహారు మీటర్లే, మా బడి వరండా అంత. హుతోంగ్ అయితే సుతోంగ్ కంటే నాలుగు మీటర్లే ఎక్కువ. కానీ హుతోంగ్ మీద ఆరు వరసల రోడ్డుతో పాటు నాలుగు రైలు పట్టాల జతలు కూడా ఉన్నాయి. రైలు బరువు మోస్తూ ఆ దూరం దాటడం వేరే స్థాయి పని. నా మటుకు నాకు రస్కీ కంటే హుతోంగే గొప్ప. చాంగ్‌తాయ్ ఇంకా గట్టిది. పైన ఎక్స్‌ప్రెస్ రోడ్డు, కింద ఒక పక్క రైలు, ఇంకో పక్క మామూలు రోడ్డు. రెండు పక్కలా బరువు సమానంగా లేకపోయినా రోడ్డు మెలి తిరగకూడదు. దాని టవర్లు 352 మీటర్లు. రస్కీ గొప్పతనం వేరే చోట ఉంది. వ్లాదివోస్తోక్ చలిలో, సముద్రపు గాలిలో, ఓడలు పోవడానికి 70 మీటర్ల ఎత్తు వదిలి కట్టారు.

"మరి మన గోదారి మీద ఇంత స్పాన్ ఎందుకు కట్టలేదండీ?" అని అడిగారు. మన నదిలో సముద్రపు ఓడలు తిరగవు. వేసవిలో ఇసక తిన్నెలు తేలుతాయి, మధ్యలో స్తంభాలు దింపుకోవచ్చు. దగ్గర దగ్గర స్తంభాలతో చవగ్గా, గట్టిగా అయిపోతుంది. యాంగ్‌ట్సీలో పెద్ద ఓడలు తిరుగుతాయి. మధ్యలో స్తంభం పెడితే ఓడలకి అడ్డం, గుద్దుకుంటే ప్రమాదం. అందుకే సుతోంగ్ కింద 62 మీటర్ల ఎత్తు వదిలి వెయ్యి మీటర్లు దూకించారు.

నేల సంగతి మాత్రం మన పిల్లలకి దగ్గరిది. సుతోంగ్ ఉన్నది కూడా మనలాంటి డెల్టాలోనే. నది తెచ్చి పోసిన మెత్తటి మట్టి, రాయి ఎక్కడో అడుగున. ఒక్కో పెద్ద టవరు కింద 131 పైల్స్ (పునాదికి నేలలోకి దింపే పొడవాటి కాంక్రీటు స్తంభాలు), ఒక్కొక్కటి 110 మీటర్ల పైన లోతుకి దింపారు. వేలాడే వంతెనకైతే ప్రధాన తీగల్ని రెండు ఒడ్డులా నేలలో బిగించడానికి కొండంత దిమ్మెలు కావాలి. కేబుల్ వంతెన తన తీగల్ని తన రోడ్డుకే కట్టుకుంటుంది కాబట్టి ఆ దిమ్మెలు అక్కర్లేదు. మెత్తటి నేల మీద ఇది పెద్ద లాభం. గ్రీసులో రియో, ఆంటిరియో మధ్య 2004లో కట్టిన వంతెనలో ఇంకో దారి తొక్కారు. సముద్రం అడుగున గట్టి రాయి అందలేదు, పైగా భూకంపాల ప్రాంతం. మట్టిలో ఉక్కు గొట్టాలు దింపి, పైన కంకర పరిచి, స్తంభాల్ని ఆ కంకర మీద ఊరికే కూర్చోబెట్టారు. భూమి కదిలితే స్తంభం కాస్త జరుగుతుంది, విరగదు. ట్రేలో ఇసక మీద కంకర పోసి, టవరు కూర్చోబెట్టి ట్రేని కుదిపితే ఇది కూడా చూపించొచ్చు.

కొనేవాళ్లకి చివరగా కొన్ని మాటలు. జిగురు సరిపోదు, ఒక ఫెవికాల్ డబ్బా ఉంచుకోండి. రెండు ఇటుకలు, పావుకిలో బైండింగ్ వైరు, కటింగ్ ప్లేయరు, ఉప్పు ప్యాకెట్లు సిద్ధం చేసుకోండి. వైరు బిగించేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఎనిమిదో తరగతిలోపు పిల్లలకి కొనకండి, విసుగొస్తుంది. క్లాసులో నలభై మంది ఉంటే ఒక కిట్టు చాలదు, రెండైనా తీసుకోండి. చెక్కకి, రంధ్రాలకి, కొలతలకి అయిదుకి నాలుగు ఇస్తాను. దారానికి ఒకటి. పోస్టరు గోడకి అంటించకుండా వెనక్కి తిప్పండి. వెనక తెల్లగా, మందంగా ఉంది, పిల్లల చేత సరైన పట్టిక దాని మీదే రాయించుకోవచ్చు.