ఆవు మెడలో బెల్టు: మూడేళ్లు వాడాక చెబుతున్న మాట

నేను ఉండేది మెహిదీపట్నంలో, నా డెయిరీ మొయినాబాద్ దగ్గర. తొమ్మిది సంకర జాతి ఆవులు, ఐదు ముర్రా గేదెలు ఉన్నాయి. తెల్లారేసరికి పాలు తెచ్చి మెహిదీపట్నం, అత్తాపూర్ ఇళ్లలో పోస్తాను. రాత్రి షెడ్డులో ఉండేది కాపలా అన్న ఒక్కడే. ఆయన నిద్రపోయాక ఎదకొచ్చిన, అంటే చూలు కట్టడానికి సిద్ధమైన ఆవును ఎవరు చూస్తారు? మెడ బెల్టులు కొన్నది అందుకే.

ఆవుకు ఎద ఉండేది 12 నుంచి 18 గంటలే. అది దాటితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ రోజులన్నీ దాణా ఖర్చు తప్పదు, ఈత మాత్రం వెనక్కి పోతుంది. పాడి చేసేవాళ్లకు ఈ బాధ విడిగా చెప్పక్కర్లేదు.

బెల్టులో కదలికను పట్టే చిన్న సెన్సార్ ఉంటుంది. ఆవు ఎంత తిరిగింది, ఎంతసేపు నెమరు వేసింది అన్న లెక్కను షెడ్డు దూలానికి కట్టిన పెట్టెకు పంపుతుంది. పెట్టెలో ఉన్న సిమ్ ద్వారా అది మన ఫోన్‌కు వస్తుంది. ఒక్కో ఆవు రోజూ ఎలా ఉంటుందో ముందు నేర్చుకుని, తిరుగుడు పెరిగి నెమరు తగ్గినప్పుడు ఎద అని చెబుతుంది.

మొదటి చలికాలంలో ఒక రాత్రి 2 గంటలకు ఫోన్ మోగింది. 6వ నంబర్ ఆవు. అంతకుముందు మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూలు నిలవలేదు దానికి. వెంటనే అన్నకు ఫోన్ చేశాను. "అరుస్తలేదక్కా, ఊకెనే నిలబడ్డది" అన్నాడు. తోక ఎత్తి టార్చ్ వేసి చూడమన్నాను. కాసేపటికి, "తీగ వేసిందక్కా, అద్దం లెక్క మెరుస్తుంది" అన్నాడు. తీగ అంటే ఎదలో ఉన్న ఆవు మానం నుంచి జారే జిగురు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, రాత్రి కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలని, ఊళ్లో ఆ సూదులు వేసే మా గోపాలమిత్ర చెప్పే లెక్క. పొద్దున్నే ఆయన్ను పిలిపించాం. మూడో నెలలో డాక్టర్ చెయ్యి పెట్టి చూసి చూడిదని చెప్పిన రోజు నాకెంత సంతోషమైందో!

కానీ మూడేళ్లలో నాకు ఎద కంటే ఎక్కువ అక్కరకొచ్చింది నెమరు లెక్క. బాగున్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. ఒకసారి ఒక ఆవు మేత మామూలుగానే తింటోంది, నెమరు మాత్రం మధ్యాహ్నం నుంచి పడిపోతోంది. సాయంత్రం మొదటి ధారలు నల్ల గుడ్డ మీద పిండి చూస్తే ఒక చన్ను నుంచి పాలు పలుకులుగా పడ్డాయి. పొదుగువాపు మొదలైంది. ఆ పూటే వైద్యం చేయించాం కాబట్టి చన్ను దక్కింది. ఎండాకాలంలో మాత్రం ఈ లెక్క చూసి టెన్షన్ పడొద్దు. ఒక్క ఆవు నెమరే తగ్గితే రోగమేమో చూడాలి, మంద మొత్తానిదీ తగ్గితే అది ఎండ. నీటి తుంపర చల్లే ఫాగర్లు పెట్టి, నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో చూస్తే చాలు.

గేదెల విషయంలో నాకు నిరాశే మిగిలింది. ముర్రాలకు తరచూ మూగ ఎదే వస్తుంది. అరవవు, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. పైగా వాటిని కట్టేసి ఉంచుతాం. కదలికే లేకపోతే బెల్టు ఏం పట్టుకుంటుంది? గేదెలకూ బాగా పనిచేస్తుందని అమ్మినతను గట్టిగా చెప్పాడు. ఆ మాట నమ్మి కొన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆవులను పగలు దొడ్డిలో వదిలేస్తాం కాబట్టే వాటి దగ్గర ఫలితం వచ్చింది. మీరు ఆవులను కూడా రోజంతా కట్టేసేవాళ్లయితే కొనే ముందు బాగా ఆలోచించండి.

మొదటి వానాకాలంలో బెల్టు ఒరిసి ఒక ఆవు మెడ పుండైంది. బిగించేటప్పుడు కింద నాలుగు వేళ్లు దూరేంత వదులు ఉంచాలి, వారానికోసారి తీసి తుడవాలి. రెండో ఏడు మే నెలలో పిడుగుకు పెట్టె కాలిపోయింది. కంపెనీ మనిషి రావడానికి 11 రోజులు పట్టింది, ఆలోపు రెండు ఎదలు పోయాయి. అప్పటి నుంచి గోడకు క్యాలెండర్ తగిలించి, ఎద తేదీ, సూది తేదీ అన్నతో రాయిస్తున్నాను.

బెల్టులే కాదు, మేతకు పెంచే నేపియర్ గడ్డి మడిలో నేల తేమ చూపే సెన్సార్లు కూడా పెట్టాం. ఎర్ర నేలలో బాగున్నాయి. నల్లరేగడి ముక్కలో ఎండకు నేల నెర్రెలిచ్చి సెన్సార్ చుట్టూ గాలి చేరింది. తడి పెట్టిన మర్నాడే ఎండిపోయిందని చూపించేది. తీసేశాం.

బెల్టు ఒక్కోటి మాకు 7,000 రూపాయల పైన పడింది, యాప్ చందా ఏటా వేరే. ఆవులకైతే ఆ డబ్బు దండగ కాదని చేసి చూసి చెబుతున్నాను. ఈ ఏడు చందా మళ్లీ కట్టాను. గేదెల మెడలోంచి తీసిన బెల్టుల్లో రెండింటిని ఈ చలికాలంలో తొలి ఎదకు రావాల్సిన పెయ్యలకు వేశాం.