సిలికోన్ వేలి తొడుగులు: దూర పరుగుల్లో చాలాకాలం వాడిన తరువాత

మారథాన్ కోసం సాధన చేసేవారికి కాలిగోళ్ళు నల్లబడటం కొత్త సంగతి కాదు. వాటిని కాపాడుకోవడానికి వేళ్ళకు తొడిగే సిలికోన్ తొడుగులను నేను చాలాకాలంగా, ముఖ్యంగా రెండు గంటలు దాటే పరుగుల్లో, వాడుతున్నాను. షూలో చోటు ఉంటే ఇవి పనిచేస్తాయి. లేకపోతే ఉన్న బాధను పెంచుతాయి.

పాదం ముందుకు జారి గోరు అంచు షూ కొసకు పదేపదే తగలడం వల్ల, లేదా షూ పైభాగం గోరును అదేపనిగా నొక్కడం వల్ల, గోరు కింది సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం అక్కడే గడ్డకడుతుంది. దిగుడు దారుల్లో ఈ జారుడు ఎక్కువ; పరుగు సాగేకొద్దీ పాదాలు ఉబ్బడం దానికి తోడవుతుంది. తొడుగు రాపిడిని తగ్గించగలదు గానీ జారుడును ఆపలేదు, పైగా దాని మందం ఉన్న కాస్త చోటునూ ఆక్రమిస్తుంది. నా రెండో వేలు బొటనవేలి కంటే పొడవు కావడంతో, బిగుతు షూలో తొడుగు వేసిన రోజుల్లో ఆ గోరు మరింత త్వరగా నొప్పి పెట్టేది. పొడవైన వేలికీ షూ కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండే షూకు మారి, చివరి రంధ్రాల దగ్గర లేసును మెలివేసి మడమ కదలకుండా కట్టిన తరువాతే తొడుగు ప్రయోజనం కనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ మార్పు తరువాత తొడుగు లేని రోజుల్లోనూ గోళ్ళు బాగానే ఉన్నాయి. కాబట్టి ఘనతలో పెద్ద వాటా లేసుదే.

వేళ్ళ మధ్య ఒరుసుకుని వచ్చే బొబ్బలు మాత్రం తొడుగుతోనే ఆగాయి. పూర్తిగా మూసి ఉండే రకంలో చెమట నిలిచి చర్మం నానిపోతుంది, దాన్ని నేను మళ్ళీ కొనను. చిన్న రంధ్రాలున్న రకం మేలు. చిటికెనవేలికి ఏ రకమూ నిలవదు.

ఇప్పటికే నల్లబడిన గోరును ఇది బాగుచేయదు. కాలిగోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఆ మచ్చ గోరుతోపాటు ముందుకు జరుగుతూ పోవాలి. జరగకుండా ఉండిపోయే నల్లచార గోరు కింద పుట్టే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కూడా కావచ్చు కాబట్టి చర్మవైద్యులకు చూపించడం తప్పనిసరి. సగం ఊడిన గోరు సాక్సుకు తగులుకుని లేచిపోకుండా ఆపడంలో మాత్రం తొడుగుకు సాటి మరొకటి నాకు దొరకలేదు; ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది అందుకే.

కొనేముందు సాక్సు, తొడుగు రెండూ వేసుకుని, దూర పరుగు ముగిసి పాదం ఉబ్బి ఉన్న సమయంలోనే షూలో సరిగ్గా పడుతుందో లేదో చూడటం మంచిది.